బాపు కట్టిన ఇంగ్లీషు పబ్బు

దోహాలోని అల్ సద్‌లో మా అమ్మాయి ఉండే ఫ్లాటుకు ఎదురుగా ఒక పాత రెండంతస్తుల ఇంటిని కూలుస్తున్నారు. వారం రోజులుగా బాల్కనీ తలుపు తీయడానికి లేదు, ఒకటే దుమ్ము. నిన్న పొద్దున మందుల షాపుకని కిందికి దిగితే, పసుపు హెల్మెట్ పెట్టుకున్న పిల్లవాడొకడు భుజాన ఒక పాత ద్వారబంధం చెక్క మోసుకుంటూ ఎదురొచ్చాడు.

"అమ్మా, జర పక్కకు జరుగుండ్రి, మొల గీరుకుంటది" అన్నాడు, చెక్కలోంచి పొడుచుకొచ్చిన మేకును చూపిస్తూ. నేను తెలుగుదాన్నని ఎట్లా పోల్చుకున్నాడో తెలియదు. ఏ ఊరని అడిగితే జగిత్యాల దగ్గర అన్నాడు. ఆ చెక్కను ఏం చేస్తారని అడిగాను.

"ఏం జేస్తరమ్మా, ట్రక్కుల ఏసుడే. టేకుదే గని, ఇయ్యాల రేపు ఎవలికి గావాలె?"

విరిగిన చోట ముక్కు పెట్టి వాసన చూశాను. పిల్లవాడు నన్ను వింతగా చూసి నవ్వాడు. టేకు ఎంత పాతదైనా లోపలి వాసన పోదు. నూనె, తోలు, కాస్త మిరియాల ఘాటు కలిసినట్టు ఉంటుంది. మందులు తెచ్చుకున్నాను గానీ, రోజంతా నా మనసు చిన్నప్పుడు మేమున్న పడమటి ఒడ్డు మీదే ఉంది.

తేదీలు నాకు బాగానే గుర్తుంటాయి. ఇక్కడ కావాలనే రాయడం లేదు, పేర్లూ రాయడం లేదు. ఆ మనుషుల్లో ఇప్పుడు ఎవరూ లేరు, అడగకుండా వాళ్ళను బయటపెట్టడం నాకు ఇష్టం లేదు. ఏది నేను కళ్ళారా చూశానో, ఏది ఒకరు చెప్పగా విన్నానో మాత్రం వేరుగానే చెబుతాను.

మా ఊళ్ళో అందరూ మేము దుబాయ్ పోయామనే అన్నారు. మేము పోయింది ఖతర్. దోహాకు పడమట, ఎడారి దాటాక, సముద్రం ఒడ్డున ఒక చమురు క్యాంప్ ఉండేది. బాపు, అంటే మా నాన్న, అక్కడ వడ్ల పని, వడ్రంగం, చేసేవాడు. పనికి వచ్చిన మనవాళ్ళెవరికీ భార్యాపిల్లలను తెచ్చుకునే వీలు లేదు. మాకు ఆ వీలు కలిగింది అమ్మ వల్ల. క్యాంప్‌లోని ఒక పెద్ద ఇంగ్లీషు ఆఫీసరు ఇంట్లో వంటకు అమ్మను పెట్టుకున్నారు. ఆ బంగళా వెనక రెండు గదులు మావి.

చమురు ధర ఒక్కసారిగా పెరిగిన కాలం అది. దోహా రేవులో సరుకు దించడానికి చోటు చాలక ఓడలు నీళ్ళ మీదే కాచుకుని ఉండేవని చాచా చెప్పేవాడు. చాచా హైదరాబాద్ పాతబస్తీ మనిషి, కంపెనీ ట్రక్కు డ్రైవరు. దోహా పోయివచ్చిన ప్రతిసారీ, "కిందటి పాలి చూసిన గల్లీ ఈ పాలి లేదు భాయ్, కసమ్‌సే" అనేవాడు. ఎక్కడ చూసినా కడుతున్నారు, కట్టడానికి ఎక్కడ చూసినా కూలుస్తున్నారు.

క్యాంప్‌లో గాలి ఎటు మళ్ళితే అటు వాసన. బావుల వైపు నుంచి వస్తే కుళ్ళిన గుడ్ల కంపు, సముద్రం వైపు నుంచి వస్తే ఉప్పు, నాచు. బాపు షెడ్డులో మాత్రం ఎప్పుడూ చెక్క వాసనే. చిత్రిక పడుతుంటే రాలే పొట్టును నేను చేతులకు గాజుల్లా, చెవులకు లోలాకుల్లా తగిలించుకుని, ఆఫీసరు బంగళా తోటలోని గులాబీ ఒకటి తెంపి తలలో పెట్టుకుని తిరిగేదాన్ని. ఆ ఎడారిలో ఒక గులాబీకి ఎన్ని బకెట్ల నీళ్ళు పోయాలో తెలిసిన అమ్మ నన్ను కొట్టేది.

ఆఫీసరు భార్యను అందరం మేడమ్ అనేవాళ్ళం. పొడుగ్గా, ముక్కు మీద గోధుమ రంగు మచ్చలతో ఉండేది. వంటింట్లో బఠాణీలు ఒలుస్తూ నాకు ఇంగ్లీషు నేర్పింది ఆమే. ఒకరోజు తను పబ్బులో పుట్టి పెరిగానని చెప్పింది. వాళ్ళ ఊళ్ళో తరతరాలుగా తన తండ్రి వంశం నడిపిన పబ్బు అది. కింద దుకాణం, పైన ఇల్లు. నేను అమ్మకు తెలుగులో చెప్పాను. సాయంత్రం బాపు ఇంటికి రాగానే అమ్మ మొదలుపెట్టింది.

"మేడమ్ కల్లు కాంపౌండ్ల వుట్టిందట."

"ఎవలు జెప్పిండ్రు?"

"ఆమెనే జెప్పింది. వాళ్ళ నాయిన మనూరి కల్లు మామ అసొంటోడట."

"అయితే మంచోడే అయ్యుంటడు" అన్నాడు బాపు కాళ్ళు కడుక్కుంటూ. "ఊరంత ఒక్కతీరుగ కూసునే జాగ గదొక్కటే గద."

ఆ చలికాలం ముగిసే రోజుల్లో ఆ తండ్రి ఖతర్ వచ్చాడు. మేము పెద్దాయన అనేవాళ్ళం. వాళ్ళ ఊళ్ళో వీధి వెడల్పు చేయడానికి పబ్బును కూల్చేశారు. కూలుస్తున్నంత సేపూ ఆయన ఎదుటి పక్కన నిలబడి చూశాడని మేడమ్ చెప్పింది. భార్య ఎప్పుడో పోయింది. ఒక ట్రంకు పెట్టెతో వచ్చాడు. భారీ మనిషి, తెల్లటి మీసాలు, పెద్ద చేతులు. వరండాలో కుర్చీ వేస్తే దాన్ని సముద్రం వైపు నుంచి గోడ వైపుకు తిప్పుకుని కూర్చునేవాడు. ఏమడిగినా "థాంక్యూ" అనేవాడు, అంతే.

అమ్మ వేయించిన మాంసం పెట్టింది, ఆలుగడ్డలు పెట్టింది, మేడమ్ చెప్పినట్టు పాలన్నం చేసి తన సొంత తెలివితో యాలకులు కూడా వేసింది. అన్నీ తిరిగొచ్చేవి. నేను ఆ పాలన్నం మెట్ల మీద కూర్చుని తినేసేదాన్ని, కాబట్టి ఎంత తిరిగొచ్చిందో నాకు ఖాయంగా తెలుసు.

"మేకపిల్లకు వెట్టినా ఇంతకంటె ఎక్కువ తింటది" అనేది అమ్మ.

ఒకరోజు మేడమ్ సింకు దగ్గర నిలబడి ఏడ్చింది. ఇంగ్లండులో ఉన్న ఆమె తమ్ముడు తండ్రికి వృద్ధుల ఆశ్రమంలో చోటు మాట్లాడి పెట్టాడు. ఇక్కడ అలవాటు పడకపోతే ఎండలు ముదరక ముందే పంపించేయమన్నాడు. తండ్రిని అడిగితే, ఎక్కడ పెడితే అక్కడ ఉంటానన్నాడట. "అక్కడికి పంపితే మా నాన్న ఒక్క చలికాలం కూడా బతకడు" అంది మేడమ్. నేను ఆ మాట తెలుగులో చెప్పిన తర్వాత అమ్మ చేతులు తుడుచుకుని, "మరి ఈడ బతికిచ్చుకోవాలె గద. ఏం జేస్తే లేస్తడో అడుగు" అంది.

క్యాంప్‌లో ఇంగ్లీషు వాళ్ళకు ఒక క్లబ్బు ఉండేది. బయట ఎక్కడా మద్యం లేదు, ఆ క్లబ్బులో మాత్రం వాళ్ళకు పర్మిట్ ఉంది. క్లబ్బు పక్కన సామాన్లు వేసుకునే పొడవాటి కొట్టు ఒకటి ఖాళీగా పడి ఉంది. దాన్ని తన పుట్టింటి పబ్బులా కట్టించాలని మేడమ్‌కు ఆలోచన వచ్చింది. తండ్రి మళ్ళీ ఆ గదిలోకి అడుగుపెడితే మాట్లాడతాడని ఆమె ఆశ. భర్త సరేనన్నాడు. పని బాపు మీద పడింది.

బాపు ఇంగ్లండు చూడలేదు. పబ్బు అంటే ఆయన మనసులో ఉన్నది తాటాకు పందిరి, కింద ఈతచాప. "ముంతలు ఏడ బోర్లిస్తరో అడుగు" అని నాతో అడిగించాడు. మేడమ్ వంటింటి నేల మీద సుద్దముక్కతో గీస్తూ పోయింది. ఇక్కడ బల్ల, వెనక పీపాలు, ఇక్కడ గోడవారగా బెంచీలు. కిటికీ ఎడమ వైపు అంది. ఆమె భర్త పెళ్ళికి ముందు ఆమె కోసం ఆ పబ్బు చుట్టూ తిరిగిన మనిషి. ఆయన కుడి వైపే అన్నాడు. ఇద్దరూ వాదించుకుని వరండాలోకి పోయి పెద్దాయనను అడిగారు.

"ఇప్పుడు ఎక్కడా లేదు" అన్నాడాయన.

ఆ తర్వాత ఆయనను ఏమీ అడగలేదు. బాపు రెండు వైపులా కిటికీలు పెట్టాడు.

పైకప్పు విషయంలో పెద్ద గొడవే అయింది. పొడుగు మనిషి తల దూలానికి తగిలేంత కిందికి ఉండాలని మేడమ్ పట్టు. ఆ పబ్బు పూర్వం గుర్రాల కొట్టమట, పైన గడ్డి అటక ఉండేదట, అందుకే అంత తక్కువ ఎత్తు.

"తల తాకేటట్టు కట్టుడేందే? ఎవలన్న ఇంటే నా ఇజ్జతి ఏంగావాలె?" అని బాపు నన్నే కసిరాడు, నేనే కట్టమన్నట్టు.

"కట్టు భాయ్, కట్టు" అన్నాడు చాచా. "తల వంచుకోని లోపలికి పోయేది, తూలుకుంట బయటికొచ్చేది. పెద్దలు ఆలోచించే కట్టిన్రు."

చలికాచుకునే పొయ్యి కూడా కావాలంది మేడమ్. ఎడారిలో! ఎండాకాలం బయట ఇనుప గేటు ముట్టుకుంటే చెయ్యి కాలే చోట! బాపు మారు మాట్లాడకుండా రాళ్ళు పేర్చి అందమైన పొయ్యి కట్టాడు, దాని నోట్లో ఏసీ మిషను బిగించాడు. ఆ గదిలో చల్లగాలి పొయ్యిలోంచి వచ్చేది. తర్వాత ఇంగ్లీషు వాళ్ళు గ్లాసులు పట్టుకుని దాని ముందుకు చేరి, చేతులు చాపి చల్లబరుచుకోవడం నేను చూశాను.

దూలాలకు కంపెనీ ఇచ్చిన కొత్త చెక్క బాపుకు నచ్చలేదు. "పిల్లగాండ్ల లెక్కున్నది ఇది. ఆమె చెప్పే గోడల మీద నిలవది." ఒక శుక్రవారం చాచా ట్రక్కులో నన్నూ బాపునూ దోహా సముద్రపు ఒడ్డుకు తీసుకుపోయాడు. ఒకప్పుడు ముత్యాల కోసం, తర్వాత సరుకుల కోసం తిరిగిన పెద్ద తెరచాప పడవలు అక్కడ ఒరిగి పడి ఉన్నాయి. చమురు వచ్చాక వాటి అవసరం ఎవరికీ లేదు. కొన్నింటిని అప్పటికే విప్పి చెక్కలను విడిగా పేర్చారు. బాపు ఒక నల్లటి దూలాన్ని గోటితో గీకి, నాకు చూపించి వాసన చూడమన్నాడు.

"మన దిక్కుదే ఇది. కేరళ టేకు. మనకంటె ముందే వచ్చింది దుబాయ్‌కి."

పడవ యజమాని ముసలి అరబ్బు. ఎందుకోసమని చాచాను అడిగాడు. పబ్బు అని ఎట్లా చెబుతాడు? "ఒక ముసలాయనకు ఇల్లు" అన్నాడు చాచా. ఆ అరబ్బు ట్రక్కు ఎక్కుతున్న ప్రతి దూలం మీదా ఒకసారి చెయ్యి వేశాడు, పశువును పంపేటప్పుడు వేసినట్టు. తిరిగొచ్చేటప్పుడు చాచా, "నేను అబద్ధం చెప్పలే గద?" అని బాపును అడిగాడు. "లేదు లేదు, ఇల్లే" అన్నాడు బాపు. పబ్బు పనిలో చాచా అన్నీ మోశాడు గానీ పీపాలను మాత్రం చివరిదాకా ముట్టలేదు.

గది తయారైంది. నల్లటి దూలాలు, చేతితో రుద్ది మెరుగుపెట్టిన బల్ల, లోతుగా కూర్చునే బెంచీలు. బాపు మంచి పనివాడని నాకు తెలుసు, కానీ అంత గొప్ప పనివాడని ఆ గది చూశాకే తెలిసింది. మేడమ్ లోపలికి రాగానే రెండు చేతులతో నోరు మూసుకుంది. తర్వాత బెంచీ మూలకు పోయి కూర్చుంది. చిన్నప్పుడు అక్కడ కూర్చునే హోంవర్క్ చేసుకునేదాన్నని చెప్పింది.

చివరగా బయటి తలుపుకు బాపు దర్వాజ నిలబెట్టాడు. మా దిక్కున ద్వారబంధాన్ని దర్వాజ అంటాం, గడపను కడప అంటాం. దర్వాజ ఎత్తడమంటే మాకు చిన్న పండుగ. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఆకులు కట్టి, కొబ్బరికాయ కొడతారు. ఇంటి యజమాని వడ్లాయనకు కొత్త బట్ట పెడతాడు, అప్పుడు వడ్లాయన పక్కకు తప్పుకుని ఇంటిని యజమానికి అప్పజెబుతాడు. యజమాని కుడికాలు పెట్టి లోపలికి పోవాలి. అంతవరకు ఆ ఇల్లు వడ్లాయనదే. దర్వాజ ఎత్తాక ఆయనకంటే ముందు ఇంకెవరూ ఆ కడప దాటకూడదు. ఇది ఆ క్యాంప్‌లో ఎవరికీ తెలియదు, తెలియాలని బాపుకు తోచనూ లేదు. ఎవరికైనా తెలిసి ఉండే సంగతే అనుకున్నాడు.

గది తెరిచే రోజు శుక్రవారం. పొద్దున్నే అమ్మ కడపకు పసుపు రాసింది. మామిడాకులు ఎక్కడివి? నీళ్ళ ట్యాంకు పక్కనున్న వేపచెట్టు కొమ్మలు కట్టాం. గదిలో తినడానికని అమ్మ పెద్ద గిన్నెడు గుడాలు చేసింది. శనగలు నానబెట్టి ఉడికించి, ఎండుమిర్చి, ఉల్లిగడ్డ వేసి తాలింపు పెట్టినవి. "కల్లు దుకాణం అన్నంక గుడాలు లేకుంటెట్ల?" అంది.

ఎండ చల్లబడే వేళకు ఇంగ్లీషు వాళ్ళంతా ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. మేడమ్ రాలేదు. ఆమె ఇంట్లో తండ్రిని బతిమాలుతోంది. పొద్దుటి నుంచీ బతిమాలుతూనే ఉంది. తలుపు ముందు బాపు నిలబడి ఉన్నాడు, తలకు కొత్త రుమాలు చుట్టుకుని. క్లబ్బు సెక్రటరీ, సన్నటి ఎర్రటి మనిషి, ముందుకొచ్చి తలుపు తీయమన్నాడు.

"మాఫీ" అన్నాడు బాపు. అరబ్బీలో లేదు అని.

"ఏం మాఫీ?"

"ఓనర్ రావాలె. ఓనర్ ఫస్ట్."

సెక్రటరీ చాచాను పిలిచాడు. చాచా చెప్పాడు, యజమాని రాకుండా తలుపు తీయడం ఈయన పద్ధతి కాదని. ఓనరు కంపెనీ అన్నాడు సెక్రటరీ. బాపు ఆ మాట విని తల అడ్డంగా ఊపాడు.

"కంపెనీకి కాళ్ళున్నయా? కుడికాలు ఎవలు వెడతరు? ఇది పెద్దాయన దుకాణం. ఆయన కోసమే కట్టిన. ఆయన చేతుల వెడత."

జనంలో కొందరు నవ్వారు. కొందరికి కోపం వచ్చింది. ఇంకొందరు బాపు పసుపు కడపను, వేపాకులను చూస్తూ ఇదంతా కార్యక్రమంలో భాగమే కాబోలు అనుకున్నారు. సెక్రటరీ గొంతు పెంచాడు. రేపటి నుంచి నీకు పని ఉండదని కూడా అన్నాడు, అది నేను విన్నాను. అమ్మ ముఖం పాలిపోయింది.

"తియ్యరాదుండ్రి, ఊకె ఎందుకు లొల్లి?" అంది.

"దర్వాజ నిలవెట్టింది నేను. ఊకెనే వదిలిపెడితే ఆ పనికి ఇలువ ఏమున్నది?" అన్నాడు బాపు. నా వైపు తిరిగి, "ఉరుకు. పోయి పెద్దాయనకు జెప్పు" అన్నాడు.

ఏం చెప్పాలో చెప్పలేదు. నేను పరుగెత్తాను.

పెద్దాయన వరండాలోనే గోడ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. మేడమ్ కింద నేల మీద కూర్చుని ఆయన మోకాలి మీద చెయ్యి వేసి ఉంది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి, వద్దు, ఇప్పుడు కాదు అన్నట్టు తల ఊపింది. నాకు ఆయాసంగా ఉంది, ఇంగ్లీషు అంతంతమాత్రం. పబ్బు గురించి గానీ, దర్వాజ గురించి గానీ చెప్పేంత మాటలు నా దగ్గర లేవు. ఉన్న మాటలే చెప్పాను.

"జనం బయట నిలబడ్డారు. తలుపు మూసి ఉంది."

పెద్దాయన తల తిప్పాడు. "ఎవరు?"

"అందరూ. తాగడానికి వచ్చారు. ఎవరూ తలుపు తీయడం లేదు."

ఆయన మేడమ్ వైపు చూసి టైమెంతయిందని అడిగాడు. ఆమె చెప్పింది. పెద్దాయన ముఖం ఎర్రబడింది. ఆ మనిషికి కోపం రావడం నేను మొదటిసారి చూశాను.

"తెరిచే వేళ దాటిపోయాక జనాన్ని బయట నిలబెడతారా? దుకాణం చూసుకునే మనిషి ఎక్కడ చచ్చాడు?"

ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, లోపలికి పోయాడు. ట్రంకు పెట్టె మూత తెరుచుకున్న చప్పుడు వినిపించింది. బయటికి వచ్చేసరికి తెల్ల చొక్కా, దాని మీద ఆ ఎండలో ఊలు వెయిస్టుకోటు, భుజం మీద మడత పెట్టిన చారల గుడ్డ. బల్ల తుడిచే గుడ్డ అది. దారి చూపించమని నా వైపు చెయ్యి ఊపాడు.

జనం రెండు వైపులా తప్పుకున్నారు. ఆయన వాళ్ళతో, ఆలస్యానికి మన్నించాలి, ఇది మా పద్ధతి కాదు అంటూ నడిచాడు. దర్వాజ ముందు బాపు చేతులు జోడించాడు. తలుపు తీయలేదు. ఇంకొకటి మిగిలి ఉంది. ఏం కావాలట అని పెద్దాయన అడిగాడు. నేను చాచా వైపు చూశాను.

"తలుపు నిలబెట్టినవాడికి ఓనరు ఒక బట్ట పెట్టాలి. అప్పుడు దుకాణం మీదవుతుంది" అని చాచా ఇంగ్లీషులో చెప్పాడు.

పెద్దాయన మొదటిసారి బాపును కిందినుంచి పైదాకా చూశాడు. తర్వాత దర్వాజను చూశాడు, తలుపు చెక్క మీద అరచేతితో నిదానంగా రాశాడు. భుజం మీది చారల గుడ్డ తీసి, మడత విప్పి, బాపు భుజాల మీద కప్పాడు. బాపు దాన్ని కళ్ళకద్దుకుని పక్కకు తప్పుకున్నాడు.

పెద్దాయన తలుపు తోసి లోపలికి అడుగేశాడు. కుడికాలే వేశాడు, కానీ సరిగ్గా కడప మీద వేశాడు, బూటుతో, బరువంతా మోపి.

"అయ్యో, తొక్కె!" అంది అమ్మ.

"ఊకో" అన్నాడు బాపు. "ఓనరే తొక్కితే మనమేమంటం?"

తలుపు నుంచి బల్ల దాకా నేల మీద ఒకే బూటు పసుపు అచ్చులు పడ్డాయి. పెద్దాయన బల్ల వెనక్కి పోయి రెండు చేతులూ దాని మీద ఆనించి గది అంతా చూశాడు. దూలాల దగ్గర చూపు ఆగింది. ఎక్కడివని అడిగాడు. పడవలవని మేడమ్ చెప్పింది. "మావీ ఓడ చెక్కలేనని మా తాత అనేవాడు. ఎవరూ నమ్మేవాళ్ళు కాదు" అన్నాడు. తర్వాత గొంతు పెంచి, ఎవరికేం కావాలో చెప్పమన్నాడు. మేడమ్ తలుపు బయటే నిలబడి అమ్మ చెయ్యి పట్టుకుని ఉంది. నేను లోపలికి పోయి గుడాల గిన్నె బల్ల మీద పెట్టాను. పెద్దాయన ఒక గ్లాసు నింపి, అలవాటుగా పక్కనున్న గిన్నెలో చెయ్యి పెట్టి, గుడాలు నోట్లో వేసుకున్నాడు. మిర్చి తగిలి కళ్ళ నీళ్ళు వచ్చాయి. మళ్ళీ చెయ్యి పెట్టాడు.

ఆ ఎండాకాలం పెద్దాయన ఇంగ్లండు పోలేదు. ఆశ్రమంలో చోటు వద్దని మేడమ్ తన తమ్ముడికి ఫోన్‌లో చెప్పింది. సెక్రటరీ బాపు పని తీయించలేదు, రెండు వారాలు పలకరించడం మాత్రం మానేశాడు.

బాపు ఆ గదిలో కూర్చుని ఎప్పుడూ తాగలేదు. క్లబ్బు మాలాంటి వాళ్ళకు కాదు, అది క్యాంప్ రూలు. పెద్దాయనకు ఆ రూలు నచ్చలేదు. దాని మీద సెక్రటరీతో గట్టిగా పోట్లాడాడని మేడమ్ చెప్పింది, నేను వినలేదు. రూలు మాత్రం మారలేదు. అందుకని ఆయనే బయటికి వచ్చేవాడు. దుకాణం తెరవడానికి ముందు ఇద్దరూ గోడ నీడలో బెంచీ వేసుకుని కూర్చునేవాళ్ళు. అమ్మ చాయ్ పంపేది. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా చెక్కను చూపించుకుంటూ, తట్టి చూసుకుంటూ చాలాసేపు మాట్లాడుకునేవాళ్ళు. నేను బడి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అవసరమైన చోట మాట అందించేదాన్ని.

కొత్తగా వచ్చిన ఇంజనీరు ఎవరైనా తలుపు తెరవకముందే వస్తే, పెద్దాయన ఆ బెంచీ మీదే కూర్చోబెట్టి పబ్బు చరిత్ర చెప్పేవాడు. అన్నిసార్లు విన్నాను కాబట్టి తప్పు లేకుండా చెప్పగలను. మొదట అది దూరపు బండ్లకు గుర్రాలు మార్చే కొట్టం. కొట్టం చూసుకునే మనిషి చనిపోతే అతని భార్య బండివాళ్ళకు బీరు కాచి అమ్మడం మొదలుపెట్టింది. రైలు వచ్చాక బండ్లు ఆగాయి, గుర్రాలు పోయాయి, జనం మాత్రం వస్తూనే ఉన్నారు. ఒక ఏడు ఏరు పొంగి లోపలికి నీళ్ళు వస్తే బెంచీల మీద నిలబడి తాగారు. యుద్ధంలో బీరు దొరకని రోజుల్లో ఖాళీ గ్లాసులు ముందు పెట్టుకుని కబుర్లు చెప్పుకున్నారు. తర్వాత రోడ్డు కోసం కూల్చారు. ఇక్కడ ఆయన ఆగేవాడు కాదు, ఊపిరి కూడా తీసుకునేవాడు కాదు. తర్వాత ఈయన కట్టాడు, అని బాపు వైపు చూపించేవాడు. నేను వచ్చేదాకా ఒక్కరినీ లోపలికి పోనివ్వలేదు, అనేవాడు.

ఒకసారి ఒక కుర్ర ఇంజనీరు నవ్వి, "అది వేరే పబ్బు, ఇది వేరే పబ్బు కదండీ?" అన్నాడు.

పెద్దాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గుర్రాలు పోయాక ఉన్నదీ అదే పబ్బు. బీరు లేనప్పుడు ఉన్నదీ అదే పబ్బు. చోటు మారితే వేరేదెట్లా అవుతుంది?"

చాలా ఏళ్ళ తర్వాత కంపెనీ చేతులు మారిందని, ఆ క్లబ్బునూ పడగొట్టారని చాచా చెప్పాడు. అప్పటికి పెద్దాయన పోయి చాలా కాలమైంది. క్యాంప్ వెనక సముద్రం కనిపించే చోటే ఆయనను పాతిపెట్టారు. మేము ఊరికి తిరిగొచ్చేశాం. చోటు మారితే వేరేదెట్లా అవుతుందన్న ఆయన ప్రశ్నకు జవాబు నేను ఇప్పటికీ వెతుక్కుంటున్నాను. ఆరోజు మాత్రం పెద్దాయన, ఇంజనీరు ముఖాలు చూసి ఏదో జరిగిందని బాపుకు అర్థమైంది.

"ఏమన్నడే?"

"వాళ్ళూర్ల ఉన్న దుకాణమే ఇది గూడ అంటున్నడు, బాపు. రెండూ ఒక్కటేనట."

బాపు నన్ను వింతగా చూశాడు, ఇందులో చెప్పుకునేదేముంది అన్నట్టు.

"మరి? నేను కట్టింది ఎవలి దుకాణమనుకున్నవే ఇన్నొద్దులు?"